మొహమాటపు ముక్క

నగోయా
1996 ఆగస్టు 18

మావయ్యకి,

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నేను పనిచేసే పళ్ళ డాక్టరుగారి క్లినిక్కులో ఏసీ ఉందని నొప్పి లేనివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటున్నారు. నీ మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నీకు వినబడాలంటే నేను అరవాలి. అరిస్తే మా మేడ మీదవాళ్ళందరికీ నా పెళ్ళి సంగతి తెలిసిపోతుంది.

అవును, పెళ్ళే. గబుక్కున లేవకు, మోకాలు జాగ్రత్త.

అబ్బాయి పేరు షిరసాకి నొబుహిరో. ఊళ్ళ పటాలు అచ్చువేసే కంపెనీలో పని. నాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడు. ముప్పై నాలుగేళ్ళ పిల్లకి ఇంతకన్నా పెద్దవాడు దొరికితే వాడికి మనవలుంటారు కాబట్టి ఆ మాట ఎత్తకు. వాళ్ళ అమ్మానాన్నలు సెందాయ్‌లో ఉంటారు. నాన్నగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు, నెలకి నాలుగు మాటలు మాట్లాడతారట. అమ్మగారు టీ వేడుక నేర్పే గురువు. "మా అమ్మ మనుషుల్ని జాతకం చూసి అంచనా వెయ్యదు, వాళ్ళు తినే పద్ధతి చూసి వేస్తుంది" అన్నాడు నొబుహిరో. పిల్ల పెద్దదన్న సణుగుడు ఆవిడకి ఎటూ ఉంది. రెండు కుటుంబాలూ ఎదురెదురుగా కూర్చుని భోంచేసే రోజు ఆవిడ అవునంటే పెళ్ళి, "ఆలోచిద్దాం" అంటే లేదు.

ఆ భోజనం క్యోతోలోనే కావాలట, శరదృతువులోనే కావాలట. మేమిద్దరం అద్దె ఇంటి బయానాకి దాచుకున్నదంతా ఒక రాత్రి భోజనానికి పోసేలా ఉన్నాం. మొన్న నొబుహిరో ఒక పేరున్న చోటికి ఫోన్ చేస్తే, "తమరిని ఎవరు పరిచయం చేశారండీ?" అని తీయగా అడిగి, ఎవరూ లేరనేసరికి అంతకన్నా తీయగా పెట్టేశారు.

ముప్పై ఏళ్ళు బొత్తాలమ్ముతూ ఊళ్ళన్నీ తిరిగావు, ఏ ఊళ్ళో ఎక్కడ తినాలో నీకు తెలియనిది లేదని అమ్మ అంటూ ఉండేది. చూస్తే ఘనంగా ఉండాలి, చెల్లిస్తే ప్రాణం పోకూడదు. అలాంటి చోటు చెప్పు. నాన్నా లేడు, అమ్మా లేదు. నా పక్కన కూర్చునే పెద్దదిక్కువి నువ్వొక్కడివే.

నీ మేనకోడలు
కయోకో


ఒసాకా
ఆగస్టు 24

అమ్మాయ్ కయోకో,

నీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. మోకాలు కలుక్కుమంది. ఇంటి యజమానురాలి పిల్లి నన్ను చూసి జాలిపడింది.

చాలా సంతోషం. మీ అమ్మ ఫోటో దగ్గర ఒక బీరు పెట్టి చెప్పాను. ఆవిడ తాగదు కాబట్టి తర్వాత నేను తాగాను.

ఇప్పుడు అసలు విషయం. ఊరు కాని ఊళ్ళో తినడమంటే తెలివి కావాలి గానీ డబ్బు కాదు. మీ నగోయాలో పొద్దున్నే కాఫీ ఒక్కటి అడిగితే రొట్టె, గుడ్డు ఊరికే ఇస్తారని మొదటిసారి వెళ్ళినప్పుడు తెలియక, పక్క టేబుల్‌వాడిది పొరపాటున నాకిచ్చారేమో అని గబగబా తినేసి పారిపోయాను. సప్పొరోలో చలికి వేళ్ళు కొంకర్లు పోతే వేడి వేడి రామెన్ నూడుల్స్ గిన్నె రెండు చేతులా పట్టుకుని, ముందు వేళ్ళు కాచుకుని తర్వాత తిన్నాను. హకాతాలో కాలువ గట్టున డేరా కొట్లలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నీ భుజం తట్టి తినిపిస్తారు. ఏ ఊరైనా సరే, తిండికోసం టాక్సీలు వరసగా ఆగి ఉన్న వీధి కనబడితే కళ్ళు మూసుకుని దూరెయ్. డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో మూసేముందు పెద్ద వంటవాళ్ళ డబ్బా భోజనాలకి సగం ధర చీటీలు అంటిస్తారు. ఆ చీటీ అంటించేవాడి వెనకే దేవుడి పల్లకీ వెంట నడిచినట్టు నడవాలి.

ఘనమైన చోటు కావాలంటే మధ్యాహ్నం వెళ్ళాలి. అదే వంటిల్లు, అదే వంటవాడు, అవే గిన్నెలు. రాత్రి ధరలో నాలుగో వంతు. మిగతా మూడు వంతులూ దీపాలకి కడుతున్నామన్నమాట. బడాయికి పోయేవాళ్ళు రాత్రి వెళ్తారు, తెలిసినవాళ్ళు పగలు వెళ్తారు.

క్యోతోలో మూడు చోట్లు చెబుతాను. పటం వెనక పేజీలో గీశాను. మీ అబ్బాయి పటాల కంపెనీవాడట కదా, నవ్వొద్దని చెప్పు. మూడోది ఒబొరోయా. అది అన్నిటికన్నా గొప్పది. నేను అమ్మింది వంటవాళ్ళ తెల్లకోట్ల బొత్తాలు కాబట్టి నాకు వెనక గుమ్మమే తెలుసు. అక్కడికే వెళ్ళి "బొత్తాల తోకు" పంపాడని చెప్పండి. పని అయ్యాక ఆకలేస్తే చేపల బజారు వెనక సందులో నిలబడి తినే ఉడాన్ కొట్టుంది, వేడి చారులో లావు నూడుల్స్ వేసిస్తారు, అది కూడా గుర్తుపెట్టాను. ఘనమైన భోజనం కళ్ళకి, ఉడాన్ కడుపుకి.

మీ మావయ్య
తోకుజిరో


నగోయా
సెప్టెంబరు 8

మావయ్యా,

నీ పటం పుచ్చుకుని నిన్న క్యోతో వెళ్ళొచ్చాం. నువ్వు చెప్పిన మొదటి చోటు ఇప్పుడు కార్లు నిలిపే స్థలం. నొబుహిరో మర్యాదగా ఆ ఖాళీ ముందు నిలబడి, "పునాది చూస్తే మంచి కొట్టే అయి ఉంటుంది" అన్నాడు. రెండోది ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే చోటు. నీ పేరు చెప్పాను. నువ్వెవరో తెలియదు గానీ నాకు ముందు జుట్టు మాత్రం సరిచేసి పంపారు, డబ్బు తీసుకునే లే.

మూడోది ఉంది! నువ్వు చెప్పినట్టే వెనక గుమ్మంలోంచి దూరితే ఒక ముసలి వంటాయన చేతిలో చేప కత్తితో, "సరుకు తెచ్చేవాళ్ళు పొద్దున్న రావాలి, ఇప్పుడా రావడం?" అని గద్దించాడు. నేను నోరు పెగల్చుకుని "బొత్తాల తోకు" అన్నాను. అంతే, కత్తి కింద పెట్టి, "ఆ కబుర్లపోగు ఇంకా బతికే ఉన్నాడా!" అని కళ్ళు తుడుచుకున్నాడు. తన కోటు బొత్తం చూపించాడు. నువ్వమ్మిందేనట. ఆయన్ని పెద్దాయన అని పిలుస్తున్నారు అక్కడ, ఇప్పుడు వంటింటికంతా ఆయనే యజమాని. అక్టోబరు 20 మధ్యాహ్నం అయిదుగురికి గది ఇస్తానన్నాడు. కానీ ఒక మాట అన్నాడు: "తోకు పరిచయం మీద వస్తున్నారు కాబట్టి, మీవల్ల ఏ మాట వచ్చినా అది తోకుకే వస్తుంది." క్యోతో పద్ధతి అదే కదా. నీ పరువు మా చేతిలో, మా పెళ్ళి నీ చేతిలో.

తర్వాత ఉడాన్ కొట్టుకి వెళ్ళాం. కొట్టువాడు తీపి టోఫూ ముక్క వేసిన గిన్నె ముందుకు జరిపితే నొబుహిరో తొంగి చూసి, "చారు పోయడం మరిచిపోయి నీళ్ళు పోశారేమో" అన్నాడు. సెందాయ్‌వాళ్ళకి చారు నల్లగా లేకపోతే చారే కాదు. ఒక గుక్క తాగాక గిన్నె దించలేదు. రెండో గిన్నె కూడా తిన్నాడు. వాళ్ళ నాన్నకి ఈ కొట్టు గురించి చెబుతానని అక్కడే నిలబడి పటం గీశాడు. కొలతలతో సహా.

నీ కయోకో


ఒసాకా
సెప్టెంబరు 14

అమ్మాయ్,

పెద్దాయన అయ్యాడా వాడు! నాకు తెలిసినప్పుడు ముల్లంగి తొక్క మందంగా తీస్తున్నాడని రోజూ తిట్లు తినేవాడు. బొత్తం ఇంకా ఊడలేదన్నమాట. చూశావా, నా సరుకు.

నీకొక సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళు ఆ ఇంటికి వెళ్ళాను గానీ ముందు గుమ్మం ఎప్పుడూ చూడలేదు. వంటింట్లో గంపల పక్కన కూర్చోబెట్టి గిన్నెలో ఏదో వేసిచ్చేవాళ్ళు. ముందు గదిలో తోట కనబడుతుందని, నీళ్ళ చప్పుడు వినబడుతుందని అందరూ చెప్పుకోవడమే. ఇప్పుడు చెప్పులు విప్పుకుని ముందు నుంచి వెళ్ళబోతున్నాను. దానికోసం సూటు తీసి బొత్తాలన్నీ మార్చాను, గేదె కొమ్మువి. నలుగురూ గమనిస్తారు.

నువ్వేమీ భయపడకు. మాటలు లేని చోట మాటలు పుట్టించడమే నా వృత్తి. సెందాయ్ ఆవిడకి కుమమోతోలో నేను బొత్తం మింగిన కథ చెబుతాను. బొత్తాలు గట్టివని నిరూపించడానికి పళ్ళతో కొరికి చూపిస్తుంటే తుమ్మొచ్చింది కదా, ఆ కథ. చివర్లో డాక్టరు అన్న మాట దగ్గర రాయి కూడా నవ్వుతుంది. వడ్డించేవాళ్ళు మొహమాటపడితే నేనే ఇంకాస్త అడిగి అందరికీ దారి చూపిస్తాను. ఇక పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలిపోతే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదని నీకు తెలుసు కదా, అది నేను చూసుకుంటాను.

ఆకలి రుచెరుగదంటారు గానీ, నా ఆకలికి రుచి బాగా తెలుసు.

మీ మావయ్య తోకుజిరో


నగోయా
సెప్టెంబరు 29

మావయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. కోప్పడకుండా చదువు.

బొత్తం మింగిన కథ చెప్పకు. దయచేసి చెప్పకు. డాక్టరు అన్న మాట అసలే వద్దు, అది భోజనం దగ్గర అనే మాట కాదు. గిన్నె తిరగేసి కింద ముద్ర చూడకు. "ఇదే రాత్రయితే ఎంతో తెలుసా" అనకు. ఉడాన్ పీల్చినట్టు చారు పీల్చకు. అన్నం రెండోసారి అడగకు. అసలు కాస్త ఏదైనా తిని రా, ఆకలిగా ఉన్నట్టు కనబడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మొహమాటపు ముక్క. అందరూ తిన్నాక పళ్ళెంలో ఒక్కటి మిగిలితే ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళకి వదిలేస్తారు, అదే మర్యాద. నువ్వు మాత్రం అమ్మ సంవత్సరీకం రోజు బౌద్ధస్వామి ముందున్న పళ్ళెంలోంచి "స్వామీ, వృథా అవుతుంది" అని చెయ్యి చాపి తీసుకున్నావు. ఆయన పాపం అప్పుడే దానికోసం చెయ్యెత్తాడు. గంట కొట్టబోతున్నట్టు నటించాల్సొచ్చింది.

షిరసాకి అమ్మగారు అవన్నీ చూస్తారు. ఆ ఒక్క పూట కాస్త పెద్దమనిషిలా ఉండు.

కయోకో


ఒసాకా
అక్టోబరు 5

కుమారి కయోకో గారికి,

తమరి ఆజ్ఞలు అందాయి. మీరు కోరినట్టే చేస్తాను.

మాట్లాడను. పీల్చను. అడగను. గిన్నెకి అడుగుంటుందని కూడా మరిచిపోతాను. మీరు రాసిన ఉత్తరం కోటు లోపలి జేబులో పెట్టుకుని వస్తాను, సందేహం వస్తే తీసి చూసుకుంటాను. ఒసాకాలో ఈ మధ్య పెళ్ళిళ్ళకి బంధువుల్ని అద్దెకిస్తున్నారని విన్నాను. నాకన్నా మంచి మొహం ఉన్నవాళ్ళు, ఇంతవరకూ ఏమీ మింగనివాళ్ళు దొరుకుతారు. కావాలంటే చెప్పండి.

పెద్దమనిషిలా ఉండమన్నారు. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక అంతకన్నా ఎలా ఉండాలో తెలియలేదు.

ఇట్లు
తోకుజిరో

తాజా కలం: రాత్రుళ్ళు చల్లబడుతోంది. దుప్పటి తీశావా? పొద్దున్న ఏమీ తినకుండా పనికి పోయే అలవాటు మానావా లేదా?


నగోయా
అక్టోబరు 21

మావయ్యా,

"మీరు" అని రాసినప్పుడే నీ కోపం అర్థమైంది. కానీ ఇంత కసి తీర్చుకుంటావనుకోలేదు.

నిన్న నువ్వు చేసిందేమిటి? గదిలోకి వచ్చావు, వంగి నమస్కరించావు, కూర్చున్నావు. ఆ తర్వాత కుక్కిన పేనులా అలాగే ఉండిపోయావు! షిరసాకి అమ్మగారు "ప్రయాణం బాగా జరిగిందా?" అంటే తలూపావు. "తోట అందంగా ఉంది కదండీ" అంటే తలూపావు. "ఒసాకాలో చలి మొదలైందా?" అంటే నా వైపు చూశావు, నేనేదో అనుమతి ఇవ్వాలన్నట్టు! నాన్నగారు ఎటూ మాట్లాడరు. అమ్మగారు కూడా ఆ మూడు మాటలయ్యాక ఆగిపోయారు. చేపల గిన్నెలు వచ్చాయి, పోయాయి. ఆ గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతసేపు వింటే నాకు బాత్రూముకి వెళ్ళాలనిపించింది, లేవడానికి ధైర్యం చాలలేదు.

చివర్లో పెద్దాయన శుభకార్యమని ప్రత్యేకంగా పంపిన ఆ చేప సుషీ పళ్ళెం! పెళ్ళి మాటలకి సరిసంఖ్య పనికిరాదని పదకొండు ముక్కలు పెట్టాడు. అయిదుగురికి పదకొండు. తలా రెండు తిన్నాం. పదకొండోది మధ్యలో కూర్చుంది. అది మమ్మల్ని చూస్తోంది, మేం దాన్ని చూస్తున్నాం. వడ్డించే ఆవిడ తలుపు జరపడం, ముక్క ఇంకా ఉందని చూసి తలుపు మూసెయ్యడం. అది ఖాళీ అయితే గానీ అన్నం రాదు కదా. నువ్వు కళ్ళు మూసుకున్నావు. ధ్యానమనుకున్నారు వాళ్ళు. చివరికి వడ్డించే ఆవిడే అన్నం తెచ్చేసింది. "ఇంకాస్త?" అని ముందు నిన్నే అడిగింది, అందరిలో నువ్వే పెద్దవాడివి కాబట్టి. నువ్వు తల అడ్డంగా ఊపావు. పెద్దవాడు వద్దంటే మిగతావాళ్ళు ఎలా అడుగుతారు? నొబుహిరో గిన్నె అప్పటికే సగం చాచి, జుట్టు సర్దుకున్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

మమ్మల్ని రైలెక్కించే ముందు అమ్మగారు నొబుహిరోని పక్కకి పిలిచి, "ఆ మావయ్యగారికి ఈ సంబంధం ఇష్టం లేనట్టుంది. మన వల్ల ఏం తప్పు జరిగిందో. తొందరపడొద్దు, ఆలోచిద్దాం" అన్నారట. ఆలోచిద్దాం! ఆ మాటే అన్నారు. రైల్లో నొబుహిరో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, నేను ఏడుస్తూ కూర్చున్నాను.

ఇంకొకటి. మేం లేచి వెనక్కి చూసేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది. ఆ ముక్క ఏమైంది? అన్నీ మానావు గానీ అదొక్కటీ మానలేకపోయావు కదూ?

కయోకో


ఒసాకా
అక్టోబరు 25

అమ్మాయ్,

ఆ ముక్క నేను తియ్యలేదు. మీ అమ్మ మీద ఒట్టు.

కళ్ళు మూసుకున్నది ధ్యానానికి కాదు, దాన్ని చూడలేక. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. రెండు చేతులూ తిమ్మిరెక్కాయి. కావాలంటే నొబుహిరోని అడుగు, లేచేటప్పుడు నన్ను ఎవరు లేపారో.

నీమీద కసితో చేశాననుకున్నావు. నువ్వు రాసిందంతా ఒక్కటి కూడా తప్పకుండా చేశాను, అంతే. నేను మాట్లాడితే నీకు తలవంపులవుతుందని రాశావు కదా అని మాట్లాడలేదు.

నువ్వేం దిగులుపడకు. ఆ సంబంధం ఎక్కడికీ పోదు. నాకెలా తెలుసని అడగకు, ఒకరికి మాటిచ్చాను. ముక్క ఎవరు తీశారో కూడా తెలుసు. అది కూడా అడగకు.

కడుపునిండా తిను. ఏడ్చేవాళ్ళు ఉప్పు ఎక్కువ తినాలి.

మావయ్య


నగోయా
నవంబరు 6

మావయ్యా,

అడగకు అంటే ఎలా? నాకు పిచ్చెక్కుతోంది.

నిన్న సెందాయ్ నుంచి అమ్మగారు ఫోన్ చేశారు. నాకే చేశారు, నొబుహిరోకి కాదు. మార్చిలో మంచిరోజు చూశాం, నీకు వీలేనా అని అడిగారు. సరేనండీ అన్నాను. ఆ తర్వాత, "తోకుజిరో గారి మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టమని చెప్పమ్మా" అన్నారు.

నీ మోకాలు సంగతి ఆవిడకెలా తెలుసు? నువ్వు ఆ పూటంతా నోరే విప్పలేదే!

తర్వాత నాన్నగారు ఫోన్ తీసుకున్నారు. ఆయన ఫోన్ తీసుకోవడమే వింత అని నొబుహిరో నిలబడిపోయాడు. "కుమమోతో డాక్టరు..." అని ఆయన మొదలుపెట్టి, చెప్పలేక నవ్వుతూ ఫోన్ అమ్మగారికి ఇచ్చేశారు. మా నాన్న నవ్వు ఇలా ఉంటుందా అని నొబుహిరో నన్ను అడిగాడు.

ఏం చేశావు నువ్వు? ఇప్పుడే చెప్పకపోతే ఈ నెల 17 ఆదివారం ఒసాకా వచ్చి నీ గుమ్మం ముందు నిలబడి అరుస్తాను. నీకు వినబడేలా.

కయోకో


ఒసాకా
నవంబరు 12

అమ్మాయ్ కయోకో,

రావద్దు. ఇంటి యజమానురాలి పిల్లి ఈనింది, అరుపులు పడవు.

నీ ఉత్తరం రాగానే సెందాయ్‌కి రాసి అనుమతి అడిగాను. ఆవిడ ఒక షరతు మీద ఇచ్చారు: తను తిన్నది ఒక్క గిన్నే అని రాయాలి. కాబట్టి అలాగే రాస్తున్నాను.

ఆరోజు మీరు రైలెక్కి వెళ్ళాక నాకు ఆకలితో కళ్ళు తిరిగాయి. కాస్త తిని రమ్మన్నావు కదా, నీమీద కోపంతో అదొక్కటే చెయ్యలేదు. కాళ్ళీడ్చుకుంటూ చేపల బజారు వెనక సందుకి వెళ్ళాను. కొట్టు తెర తొలగించి తల లోపల పెట్టానో లేదో, ఎవరో జరిగి చోటిచ్చారు. చూద్దును కదా, షిరసాకి గారు! చేతిలో ఉడాన్ గిన్నె, కళ్ళద్దాల నిండా ఆవిరి, జేబులోంచి కొడుకు గీసిన పటం తొంగిచూస్తోంది. ఆయన పక్కన గోడవైపు తిరిగి ఒకావిడ నిలబడి ఉంది. అంత మంచి కిమోనో కట్టుకుని ఆ కొట్లో నిలబడిన మనిషి ఇంకొకరు ఉండరు. గోడవైపు తిరిగినా వీపు దాగదు కదా.

నేను వెనక్కి తగ్గబోయాను. ఆవిడ గోడతోనే అంది, "చూసేశారుగా. ఇక రండి."

ముగ్గురం పక్కపక్కనే నిలబడ్డాం. కొంతసేపు పీల్చుకునే చప్పుళ్ళే. ఆవిడ నాకన్నా గట్టిగా పీల్చింది, ఇది మాత్రం రాయొద్దనలేదు. "చారుకి రంగు లేదు" అంది. "రంగు సెందాయ్‌లోనే ఉండిపోయింది, రుచి ఇక్కడికొచ్చింది" అన్నాను. నోరు జారింది. నీ ఉత్తరం జేబులో గుండెకి గుచ్చుకుంది. ఆవిడ గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఏవండీ, మీకు మాటలు వచ్చన్నమాట! మా సంబంధం మీకు నచ్చలేదేమో అని నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు."

"అయ్యో! మా పిల్ల నోరు మూసుకోమందండీ. నేను నోరు తెరిస్తే మీరు బెదిరిపోతారని."

ఆవిడ నన్ను అలాగే చూసి, మొగుణ్ణి చూసి, నవ్వాపుకోలేక తెర పట్టుకుంది. "మా వాడూ నాకదే చెప్పాడు! 'అమ్మా, పద్ధతుల మాట ఎత్తకు, ఎవరెలా తింటున్నారో చూడకు, ఆ అమ్మాయి భయంతో చచ్చిపోతోంది' అని. ఎటు చూడాలో తెలియక తోటనే చూస్తూ కూర్చున్నాను. నా మెడ పట్టేసింది." పిల్లలు ఇద్దరూ ఇద్దరే. మమ్మల్ని బొమ్మల్ని చేసి కూర్చోబెట్టారు.

అప్పుడు ఆవిడ కిమోనో మడతలోంచి ఒక కాగితం పొట్లం తీసింది. టీ వేడుకవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంటుందే, మిఠాయి పెట్టుకునే తెల్ల కాగితం. విప్పింది. మొహమాటపు ముక్క!

"అందరూ లేచే హడావుడిలో తీసేశాను. అవమానంగా ఉందండీ, గురువుని నేను. కానీ దాన్ని చెత్తలో పోస్తారన్న ఆలోచన వస్తే చెయ్యి ఆగలేదు. యుద్ధం నాటి ఏడాది మా అమ్మ చిలగడదుంప తొక్క కూడా కొలిచి పెట్టేది. అప్పటి నుంచీ నాకు పళ్ళెంలో ఒక్కటి మిగిలితే రాత్రి నిద్ర పట్టదు."

కయోకో, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీ అమ్మా నేనూ ఆ ఏడాది తొక్కలు కూడా లేక రైలు కట్ట పక్కన ఆకు ఏరుకుని తిన్నాం. మీ అమ్మ తన వాటాలో చివరి ముద్ద ఎప్పుడూ నాకు వదిలేది, "నాకు చాలురా" అని. అది మర్యాద కాదమ్మా. ఆ ముద్ద నేను తినకపోతే మీ అమ్మ ఏడ్చేది. అందుకే నాకు ఈ జబ్బు. స్వామి పళ్ళెం దగ్గర కూడా అదే జబ్బు. నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వు సిగ్గుపడుతున్నావని నాకూ తెలియలేదు.

షిరసాకి గారు, "నాకు కడుపు నిండింది, మీరిద్దరూ తినండి" అన్నారు. కొట్టువాడి ఉల్లికాడల కత్తి అడిగి రెండు చెయ్యబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "పెళ్ళి మాటల్లో రెండు ముక్కలు చేస్తారా!" కాబట్టి మూడు చేశాం, ఆయనకి కూడా తినక తప్పలేదు. దొంగ సొత్తు, తిలాపాపం తలా పిడికెడు. బొత్తం కథ ఆయనే అడిగి చెప్పించుకున్నారు, జేబులో నీ ఉత్తరం ఉండగానే. రెండో గిన్నె దగ్గర, అంటే ఆయన రెండో గిన్నె దగ్గర, ఆవిడ "మీ పిల్లని మాకివ్వండి" అంది. నిలబడే ఇచ్చేశాను.

ముందు గది చాలా బాగుంది. తోట, నీళ్ళు, అన్నీ వాళ్ళు చెప్పినట్టే ఉన్నాయి. కానీ నాకు వెనక గుమ్మమే పడుతుందిలే.

మీ మావయ్య


నగోయా
నవంబరు 17

మావయ్యా,

నీ ఉత్తరం క్లినిక్కులో చదివి గట్టిగా ఏడ్చాను. నోరు తెరిచి కూర్చున్న పేషెంటు అది చూసి, పన్ను పీకించుకోకుండానే వెళ్ళిపోయాడు.

నేను నీకు అలా రాసి ఉండకూడదు. నువ్వు సిగ్గుచేటని ఎప్పుడూ అనుకోలేదు, భయపడ్డానంతే. అమ్మ చివరి ముద్ద నాకూ అలాగే వదిలేది. అది ఆవిడకి అక్కర్లేదేమో అనుకునేదాన్ని.

పెళ్ళి విందు ఒబొరోయాలోనే. మధ్యాహ్నమే. పెద్దాయనతో మాట్లాడాను. నువ్వు ఒకసారి ముందు గుమ్మంలోంచి, ఒకసారి వెనక గుమ్మంలోంచి వస్తావని చెప్పాను, రెండూ తీసి పెడతానన్నాడు. నా షరతులన్నీ రద్దు. పీల్చు, అడుగు, గిన్నెలన్నీ తిరగెయ్. చేప సుషీ పళ్ళెంలో మళ్ళీ ఒక్కటి మిగిలేలా పెట్టమన్నాను. అది నీది. కళ్ళు మూసుకోకు, చేతులు తొడల కింద పెట్టుకోకు. అందరూ చూస్తుండగా చెయ్యి చాపి తీసుకో. నేను నీ పక్కనే ఉంటాను.

దుప్పటి తీశాను. పొద్దున్నే తింటున్నాను.

నీ కయోకో

తాజా కలం: అత్తగారు మిఠాయి పెట్టుకునే తెల్ల కాగితాలు కొత్త కట్ట కొన్నారట. త్వరపడు.